ఆ 34 ఏళ్లూ ఏమయ్యాయి నాయనా?

చిరంజీవికి ఆశీస్సులు.

'అమేజింగ్ గ్రేస్' అనే క్రైస్తవ భక్తిపాట రాసిన ఇంగ్లండు పాదిరీ జాన్ న్యూటన్ మీద నువ్వు పంపిన వ్యాసం మంగళవారం చేతికొచ్చింది. పద్నాలుగు పేజీలూ ఒక్క బిగిన చదివేద్దామని కూర్చున్నాను. ఆరో పేజీలో ఆగిపోయాను. కాగితాలు బల్ల మీద పెట్టేసి, వంటింట్లోకి వెళ్లి కాఫీ కలుపుకుని, మళ్లీ వచ్చి అదే వాక్యం చదివాను. కోపం తగ్గలేదు. ఈ ఉత్తరం అందుకే.

నువ్వు రాసిన వాక్యం ఇదీ: "తుఫాను వెలిసి తెల్లవారేసరికి జాన్ న్యూటన్ కొత్త మనిషి. బానిసల వ్యాపారానికి ఆ క్షణమే స్వస్తి చెప్పి, ఆ ఓడ మీదే కన్నీళ్లతో 'అమేజింగ్ గ్రేస్' పాట రాశాడు."

ఇందులో తుఫాను ఒక్కటే నిజం. నువ్వు కావాలని అబద్ధం రాశావని అనను. ఏ కూటంలోనో విని ఉంటావు, వాట్సాప్‌లోనో చదివి ఉంటావు. లోకమంతా ఈ కథను ఇలాగే చెప్పుకుంటోంది. చదివించే గుణం నీ రాతలో ఉంది, ఆ సంగతి ఒప్పుకుంటాను. కాబట్టే భయం వేసింది. ఇంత బాగా రాసేవాడు చెబితే జనం నమ్మేస్తారు.

అసలు ఏం జరిగిందో వరసగా చెప్తాను, తేదీలతో సహా. విసుక్కోకు.

1748 మార్చి 10న గ్రేహౌండ్ అనే ఓడ అట్లాంటిక్ మధ్యలో తుఫానులో చిక్కుకుంది. న్యూటన్‌కి అప్పటికి 22 ఏళ్లు. ఓడ పక్క పలకలు విరిగి నీళ్లు లోపలికొచ్చేశాయి. సరుకులో తేనెమైనం, తేలిక కలప ఉండబట్టి మునగకుండా నిలిచింది. గంటల తరబడి పంపు కొట్టి కొట్టి, ఇక ఓపిక లేక, వెళ్లి చుక్కాని దగ్గర నిలబడ్డాడు. దేవుణ్ణి తిట్టడంలో తోటి నావికులే బెదిరిపోయేంత నోరు ఆ మనిషిది. ఆ నోటి వెంట "దేవుడే దయ చూపాలి" అన్న మాట వచ్చింది. వచ్చాక తనే ఉలిక్కిపడ్డాడు. నాలుగు వారాలకు ఐర్లండు ఒడ్డు చేరారు. ఆ తేదీని చనిపోయేదాకా ఏటా ఒక వ్రతంలా గుర్తు పెట్టుకున్నాడు. ఇంతవరకూ నువ్వు రాసింది సరే.

తర్వాత? అదే ఏడాది బ్రౌన్‌లో అనే బానిసల ఓడలో మేటుగా, అంటే కెప్టెన్ కింది అధికారిగా ఎక్కాడు. 1750లో తను ఎప్పటి నుంచో ప్రేమించిన మేరీని పెళ్లి చేసుకుని, ఆ ఏడే డ్యూక్ ఆఫ్ ఆర్గైల్ అనే ఓడకు కెప్టెనై ఆఫ్రికాకు బయల్దేరాడు. కెప్టెన్‌గా మూడు ప్రయాణాలు చేశాడు, మూడూ మనుషుల్ని కొని అమ్మడానికే. ఆదివారం రెండు పూటలా నావికుల్ని పోగేసి తనే ప్రార్థన చదివేవాడు. తన గదిలో కూర్చుని భార్యకు ఎంతో మెత్తని ఉత్తరాలు రాసేవాడు. అవి తర్వాత 1793లో పుస్తకంగా కూడా వచ్చాయి. ఇదంతా దేవుడు దొరికాక చేసిందే.

ఆ ప్రయాణాల్లో ఆయన రాసుకున్న లాగ్ పుస్తకం మిగిలింది, అచ్చయింది. 1751 జూన్ 13, గురువారం నాటి పద్దు ఒకటుంది. ఆ ఉదయం ఒక బానిస స్త్రీ శవాన్ని సముద్రంలో వదిలారు. ఆమెకు పేరు లేదు, 47వ నంబరు. దేనివల్ల చనిపోయిందని రాయాలో తెలియడం లేదు, ఓడ ఎక్కిన దగ్గర్నుంచీ ఆమె సరిగా బతికి ఉన్నదే లేదు అని రాశాడు కెప్టెను.

ఆ పద్దు నేను మొదటిసారి చదివిన రోజు అన్నం సయించలేదు. ఎందుకో చెప్తాను. గుండె రాయైపోయినవాడు రాసే మాట కాదది. జ్వరమనో విరేచనాలనో రాసి పద్దు మూసెయ్యొచ్చు, చాలామంది అదే చేసేవాళ్లు. ఈయన ఆమె ముఖం చూశాడు. బతికి ఉండగానే చచ్చిపోయిన మనిషిని గుర్తుపట్టాడు. ఆ మాట రాశాడు. రాసి, తన ప్రయాణం తను సాగించాడు. చూపు ఉంది, భాష ఉంది, భక్తి కూడా ఉంది. అయినా ఆమె నంబరే. నీ వ్యాసం ఇక్కడ మొదలవ్వాలి నాయనా! నువ్వు తుఫాను దగ్గరే ముగించేశావు.

మరి ఓడ పని ఎందుకు మానేశాడంటావా? 1754లో ఇంకో ప్రయాణానికి బయల్దేరాల్సిన రెండు రోజుల ముందు, భార్యతో కూర్చుని టీ తాగుతూ ఉండగా ఫిట్స్ వచ్చి పడిపోయాడు. డాక్టర్లు సముద్రం మీదికి వద్దన్నారు. ఆయన్ని మాన్పించింది ఒంటి జబ్బు. ఆ తర్వాత లివర్‌పూల్‌లో కస్టమ్స్ ఉద్యోగం. గ్రీకు, హీబ్రూ నేర్చుకున్నాడు. 1758లో పాదిరీగా తీసుకోమని అడిగితే చర్చి పెద్దలు కాదన్నారు. 1764లో గానీ ఒప్పుకోలేదు.

ఆ 1764లోనే ఆయన్ని ప్రసిద్ధుణ్ణి చేసిన పుస్తకం వచ్చింది. ఒక మిత్రుడికి రాసిన పద్నాలుగు ఉత్తరాల రూపంలో తన జీవితకథ. జనం విరగబడి చదివారు. అందులో ఆఫ్రికా తీరంలో తను పడ్డ కష్టాలు చెబుతాడు. ఒక వ్యాపారి దగ్గర తిండీ బట్టా లేక పడి ఉండి, ఉన్న ఒకే ఒక్క రేఖాగణితం పుస్తకం పట్టుకుని, సముద్రపొడ్డున ఇసుకలో కర్రతో యూక్లిడ్ బొమ్మలు గీసుకునేవాడట. ఆ ముక్క చదివితే కళ్లు చెమరుస్తాయి. కానీ బానిసల వ్యాపారం గురించి ఏమన్నాడో చూడు. ఆ పనిలో ఉన్నన్నాళ్లూ అది తప్పన్న అనుమానం తనకు ఏ కోశానా రాలేదన్నాడు. ఎప్పుడూ గొలుసులూ సంకెళ్లూ చూస్తూ ఉండడం మనసుకు బాధనిపించేదనీ, తనకు తను ఒక జైలు కాపలాదారులా అనిపించేదనీ అన్నాడు. అంతే. కాపలాదారు బాధ ఉంది అందులో, ఖైదీల బాధ లేదు. 47వ నంబరు లేదు.

ఇప్పుడు పాట సంగతి. అది ఓడ మీద పుట్టలేదు. బకింగ్‌హామ్‌షైర్‌లో ఓల్నీ అనే చిన్న ఊళ్లో, 1773 జనవరి 1 నాటి ప్రసంగం కోసం రాశాడని పరిశోధకులు తేల్చారు. తుఫానుకి పాతికేళ్ల తర్వాత! ఓల్నీలో బీదవాళ్లంతా లేసు అల్లేవాళ్లు. ఒళ్లో దిండు పెట్టుకుని, దాని మీద కండెలు ఆడిస్తూ, వెలుతురు చాలని గదుల్లో కూర్చునే ఆడవాళ్లు. నేను నరసాపురం వైపు పుట్టినదాన్ని. మా ఊళ్లో కొక్కీ పట్టుకుని అరుగుల మీద లేసు అల్లే అక్కల మధ్య పెరిగాను. మెడలు ఒంగిపోయి, నలభై ఏళ్లకే కళ్లద్దాలు వచ్చిన ఆడవాళ్లు. అందుకే ఓల్నీ గురించి చదువుతుంటే పరాయి ఊరనిపించలేదు నాకు. వాళ్ల కోసం రాశాడు ఆ పాటలు, ప్రార్థన కూటాల్లో పాడుకోవడానికి. 1779లో పుస్తకం వేస్తే 348 పాటలయ్యాయి. అందులో అరవై పైచిలుకు ఆయన మిత్రుడు, కవి విలియం కౌపర్‌వి.

నువ్వు అడిగావు కదా, భాష సరళంగా ఉండాలా కవితాత్మకంగా ఉండాలా అని. ఆ పుస్తకం ముందుమాటలో ఆయనే చెప్పాడు. ఇవి మామూలు జనం పాడుకునేవి, అర్థం తేటగా, సులువుగా ఉండడం ముఖ్యం, కవిత్వపు రంగులు వేస్తే గీస్తే చాలా పొదుపుగా వెయ్యాలి అని. నాదీ అదే మాట. నీ రెండో పేజీలో "అనంత సాగర గర్భపు నిశీథ ఘోష" కొట్టెయ్.

ఇప్పుడు మనం పాడే వరస కూడా ఆయన వినలేదు. ఆ వరసను ఈ మాటలకు కట్టింది 1835లో, అమెరికాలో. అప్పటికి ఆయన పోయి 28 ఏళ్లు. పాటలో ఓడ గురించి గానీ, బానిసల గురించి గానీ ఒక్క మాట లేదు. అందులో తనను తాను నీచుణ్ణని చెప్పుకున్న మాటను పట్టుకుని, బానిసల వ్యాపారం చేశానన్న పశ్చాత్తాపమే అని నువ్వు ఎనిమిదో పేజీలో అర్థం చెప్పావు. 1773 నాటికి ఆయన ఆ పశ్చాత్తాపాన్ని ఇంకా జనం ముందు పెట్టలేదు. నీకు కావాలని ఆయన నోట్లో పెట్టకు.

ఆ మాట రావడానికి 1788 దాకా ఆగాలి. అప్పటికి ఆయన లండన్‌లో పాదిరీ, వయసు 62. 1785లో విల్బర్‌ఫోర్స్ అనే కుర్ర ఎంపీ, తర్వాత ఈ వ్యాపారం మీద పార్లమెంటులో పోరాడినవాడు, వచ్చి, రాజకీయాలు మానేసి దేవుడి సేవలోకి వెళ్లనా అని అడిగితే, వద్దు అక్కడే ఉండు అన్నాడు. 1787లో బానిసల వ్యాపారాన్ని ఆపాలని లండన్‌లో సంఘం పెట్టారు. ఆ మరుసటి ఏడు ఈయన ఒక చిన్న పుస్తకం రాశాడు, ఆఫ్రికా బానిసల వ్యాపారం మీద తన ఆలోచనలు అని. పార్లమెంటు సభ్యులకు పంచారు దాన్ని. మొదట్లోనే అంటాడు, ఈ ఒప్పుకోలు చాలా ఆలస్యంగా వస్తోంది అని. ఇప్పుడు తలుచుకుంటే గుండె వణికే పనిలో ఒకప్పుడు నేనూ ఒక చెయ్యి వేశాను, ఆ అవమానం నన్ను ఎప్పటికీ వదలదు అని.

అప్పుడు చెప్పాడు ఓడ అడుగున ఏముంటుందో. అయిదడుగుల ఎత్తు కూడా లేని చోటుని మధ్యలో పలకలు వేసి రెండుగా చేస్తారు. మనుషుల్ని అటూ ఇటూ వరసల్లో, ఒకళ్లకొకళ్లు ఆనుకునేలా పడుకోబెడతారు, అరలో పుస్తకాలు పేర్చినట్టు. ఇంకొకటి పెట్టాలన్నా పట్టనంత దగ్గరగా. పుస్తకాలతో బతికిన మనిషికి తప్ప తట్టని పోలిక అది. ఆ పోలిక చదివాక వారం రోజులు నా పుస్తకాల బీరువా వైపు చూడలేకపోయాను. ఇంకొక సంగతి కూడా రాశాడు. ఒక మేటు, ఏడాది బిడ్డతో ఉన్న తల్లిని కొని పడవలో తీసుకొస్తున్నాడు. రాత్రి బిడ్డ ఏడుస్తుంటే నిద్ర చెడిందని, తల్లి చేతుల్లోంచి లాగి సముద్రంలో పడేశాడు. తల్లిని పడెయ్యలేదు, ఆమెకు ధర ఉంది కాబట్టి.

ఇవన్నీ ఆయనకు 1788లో కొత్తగా తెలిసినవి కావు. ఓడలో ఉన్న రోజుల నుంచీ తెలుసు. 1764లో కలం పట్టుకుని కూర్చున్నప్పుడు కూడా బుర్రలో ఉన్నాయి. ఓడ దిగి 34 ఏళ్లు. తుఫాను నుంచి లెక్కేస్తే నలభై. ఈ మధ్యకాలమంతా ఆయన మంచి పాదిరీ, బీదల ఇళ్లకు తిరిగేవాడు, ఉత్తరాలతో ఎంతోమందికి ధైర్యం చెప్పేవాడు. 1780 ప్రాంతంలో వచ్చిన ఆ ఉత్తరాల సంపుటం తీసి చూడు, ఒక్క దొంగ మాట దొరకదు. అంత నిజాయితీపరుడికి అన్నేళ్లు పట్టింది. నువ్వు రాయాల్సింది ఆ అన్నేళ్లని. నువ్వేమో ఒక పేరా మార్చి దాటేశావు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే నాకూ ఇలాంటిది ఒకటి జరిగింది.

1983లో ఒక వారపత్రికలో మా అమ్మ గురించి రాశాను. మధ్యాహ్నం ఎండలో ఇంటికొచ్చిన వాళ్లెవరికైనా మజ్జిగ ఇవ్వకుండా పంపేది కాదు అమ్మ. అల్లం, కరివేపాకు దంచి వేసిన ఆ మజ్జిగ గురించి రెండు పేజీలు రాస్తే బోలెడన్ని ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఒక పోస్టు కార్డు. ఒకటే వాక్యం ఉంది, కింద సంతకం కూడా లేదు. "మీ పాలేరు ఆ మజ్జిగ దేంట్లో తాగేవాడండీ?"

పశువుల కొట్టం చూరులో ఒక సత్తు గ్లాసు దోపి ఉండేది. అంచు దగ్గర సొట్ట, అడుగున నల్లగా మరక. మా పాలేరు ఆ గ్లాసు తనే తీసుకుని, కడుక్కుని, వంగి పట్టుకునేవాడు. పైనుంచి, తగలకుండా ఎత్తి పోసేవాళ్లం. పోసేవాళ్లం అంటున్నాను చూడు, ఎనిమిదేళ్లు వచ్చిన దగ్గర్నుంచీ పోసింది నేనే. అమ్మ చెంబు చేతికిచ్చి పంపేది. చెంబు ఎంత ఎత్తులో పట్టుకోవాలో నా చేతికి లెక్క తెలుసు. ఒకసారి ధార తప్పి ఆయన మణికట్టు మీద పడితే, ఆయనే "పర్లేదు అమ్మాయిగారూ" అన్నాడు. నేను ఏమీ అనలేదు.

ఆ కార్డుకి జవాబు రాయలేదు. చింపలేదు కూడా. నిఘంటువులో పెట్టాను. పదకొండేళ్లు ఆ పేజీ తెరవాల్సి వస్తే వేరే నిఘంటువు చూసుకునేదాన్ని. ఆ పదకొండేళ్లలో నలభై దాకా కథలు రాశాను, ఆడవాళ్ల కష్టాల మీద, కట్నాల మీద. న్యాయం వైపు నిలబడ్డ రచయిత్రినని సభల్లో దండలు వేశారు. గ్లాసు చూరులోనే ఉంది. 1994లో రాశాను చివరికి. అప్పటికి ఆయన లేడు. ఎవరికి చూపించాలి?

ఆ కథ తీసుకెళ్తే ఎడిటర్ గారు చదివి, "ఇప్పుడెందుకండీ ఇవన్నీ? అమ్మగారి గురించి చక్కగా రాశారుగా" అన్నారు. ఇంకొక పత్రికాయన వేసుకుంటానన్నాడు గానీ, చివర్లో ఆ పిల్ల గ్లాసు విసిరేసి పాలేరుని ఇంట్లోకి పిలిచి అమ్మ గ్లాసులో మజ్జిగ ఇచ్చినట్టు రాయమన్నాడు. "పాఠకుడికి ఒక మలుపు కావాలండీ, ఆశ కావాలి" అన్నాడు. ఆ పిల్ల పిలవలేదు. పిలిచినట్టు రాస్తే ఆయన నోటి దగ్గర ఇంకోసారి ఎత్తి పోసినట్టే. కథ వెనక్కి తెచ్చేసుకున్నాను. మూడేళ్లకి ఒక చిన్న పత్రిక వేసింది, నాలుగొందల కాపీలు.

అప్పటి నుంచీ ఈ మలుపు అనే మాట వింటే ఒళ్లు మండుతుంది నాకు. ఇప్పుడు ఆ జబ్బు ఇంకా ముదిరింది. ఎక్కడ చూసినా స్ఫూర్తి కథలే. ఒక రాత్రి ఏదో జరుగుతుంది, తెల్లారేసరికి మారిపోతారు. తాగుబోతు మానేస్తాడు, కొట్టే మొగుడు కాళ్లు పట్టుకుంటాడు. చదివినవాడికి కళ్లు తుడుచుకుని పడుకోవడానికి బావుంటుంది. ఆ మారడం కోసం ఎదురుచూస్తూ మధ్యలో నలిగినవాళ్లు ఏమయ్యారని ఎవరూ అడగరు. న్యూటన్‌కి తుఫాను రాత్రి దేవుడు దొరికాడు, నిజమే. 47వ నంబరు ఓడ ఎక్కింది ఆ తర్వాతే. నీ వాక్యంతో ఆమె రెండోసారి నీళ్లలోకి పోయింది.

అందుకని ఇలా చెయ్యి. 1764 పుస్తకం, 1788 పుస్తకం పక్కపక్కన పెట్టుకుని చదువు. రెండూ దొరుకుతాయి, పాతవి కాబట్టి ఎవరైనా చదువుకోవచ్చు. ఒకే సంగతి రెండుచోట్ల ఎలా రాశాడో చూడు, ఏది వదిలేశాడో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో. అతన్ని కపటి అని తేల్చేసి చేతులు దులుపుకోకు, అది నువ్వు రాసినదానికంటే పెద్ద తప్పు. ఆ చిన్న పుస్తకం రాయకపోతే ఆయన పేరుకి ఏ నష్టమూ లేదు. పాటలు ఉన్నాయి, జనం ఉన్నారు. ముసలితనంలో తన మర్యాదను తనే తీసి జనం ముందు పెట్టాడు. రాజుగారి సలహా మండలి, ప్రివీ కౌన్సిల్ అంటారు, దాని ముందుకెళ్లి సాక్ష్యం చెప్పాడు. 1807 మార్చిలో బ్రిటన్‌లో ఆ వ్యాపారాన్ని ఆపే చట్టం వచ్చింది, డిసెంబరులో ఆయన పోయాడు. ఈ సగాన్నీ ఆ సగాన్నీ రెంటినీ పట్టుకో. కష్టంగా ఉంటుంది. టెన్షన్ పడకు, నెమ్మదిగా రాయి.

పుస్తకం సొంతంగా వేసుకోనా అని కూడా అడిగినట్టున్నావు, దాని మాట తర్వాత.

ఒక్కటి మాత్రం ఇప్పుడే చెప్పాలి. నీ పదకొండో పేజీలో మీ నాయనమ్మ ఉంది. చీకటితో లేచి గిన్నెలు తోముతూ, మాటలు సగం తప్పుతూ ఆ పాట పాడుకునే నాయనమ్మ. బూడిద చేతులతోనే కళ్లజోడు పైకి తోసుకుంటుందని రాశావు. ఆ వాక్యం దగ్గర మాత్రం నేను వేరే కారణానికి ఆగాను. చాలాసేపు ఆగాను. ఆ తర్వాత నాలుగు లైన్లకే రాశావు, "తాతయ్య బాప్తిస్మం తీసుకున్న రోజు నుంచి మళ్లీ సారా ముట్టలేదు" అని.

నిజంగానా? ఆ రోజు నుంచేనా? నువ్వు అప్పటికి పుట్టలేదు కదా. ఈ సంగతి నీకు ఎవరు చెప్పారు, నాయనమ్మేనా, లేక చర్చిలో అందరూ అనుకునేదా? నువ్వు వచ్చే వారం ఊరెళ్తానన్నావుగా. ఆవిడ గిన్నెలు తోముకునే వేళకి వెళ్లి పక్కన కూర్చో, నువ్వూ రెండు గిన్నెలు అందుకో. తాతయ్య ఎప్పుడు మానేశాడు నాయనమ్మా అని అడుగు. ఏ ఏడో, ఎన్నిసార్లు మళ్లీ మొదలెట్టాడో, ఆ రోజుల్లో ఆవిడ ఏం చేసేదో. చెప్పకపోతే ఊరుకో, మర్నాడు మళ్లీ వెళ్లు. చెప్పింది చెప్పినట్టు, ఆవిడ మాటల్లోనే రాసి నాకు పంపు. న్యూటన్ వ్యాసం అప్పటిదాకా పక్కన పెట్టు.

ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఎప్పుడో కొన్న న్యూటన్ ఉత్తరాల పుస్తకం ఒకటి నా దగ్గరుంది, అట్ట ఊడిపోయింది. రేపు రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. జాగ్రత్తగా చూసుకుని తిరిగి పంపించు. అందులో ఒక పోస్టు కార్డు ఉంటుంది, దాన్ని కూడా పంపించు.

ఇట్లు,
నీ మేలు కోరే
పెద్దమ్మ లాంటిది